మూతకళ్ళ మాంత్రికుడు, చేతులవ్వ సిరా

అనగనగా సముద్రం ఒడ్డున ఒక రాజుండేవాడు. రాజన్నాక ఏనుగులుంటాయి, గుర్రాలుంటాయి. అవన్నీ ఆయనకీ ఉన్నాయి. కానీ ఆ రాజ్యానికి అసలు సిరి ఉప్పు. ఊరు దాటితే చాలు, కనుచూపు మేర ఉప్పుమళ్ళే. అందుకే దానికి లవణపురి అని పేరు. రాజు పేరు తరంగపాలుడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రణధీరుడు, నడిపివాడు రణవీరుడు. ఆ ఇద్దరికీ కత్తి తిప్పడం తప్ప వేరే ధ్యాస లేదు. మూడోవాడు మణిమంతుడు. వాడికి కత్తి బరువు, నోరు తేలిక. కనబడినదాన్నల్లా పట్టుకుని ఇదేమిటి, అదెందుకు, ఇదిలా ఎందుకుంది అని అడిగి అడిగి పెద్దవాళ్ళ ప్రాణం తీసేవాడు. మీలాంటివాడే అనుకోండి.

ఆ ఏడు వానలు వెనకబట్టగానే ఒక వింత మొదలైంది. ఏడు సముద్రాల అవతలికి వేటకెళ్ళిన పడవలు ఒక్కటీ తిరిగి రావడం లేదు. "నేను వెళ్ళి సంగతి తేల్చుకొస్తాను" అని పెద్దవాడు కత్తి కట్టుకుని వెళ్ళాడు. రాలేదు. "నేను వెళ్ళి అన్నయ్యని తీసుకొస్తాను" అని నడిపివాడు రెండు కత్తులు కట్టుకుని వెళ్ళాడు. వాడూ రాలేదు.

ఒకరోజు పొద్దున్న నిండు కొలువులోకి ఒక జాలర్ల పిల్ల రెండు చక్రాల బండి లాక్కుంటూ వచ్చింది. దాని పేరు నూకాలు. పద్దెనిమిదో పందొమ్మిదో ఏళ్ళుంటాయి. మొహమంతా ఎండకి కమిలిపోయి ఉంది. బండిలో తాటాకు చాప కప్పి ఏదో ఉంది.

"ఏం తెచ్చావమ్మా?" అన్నాడు రాజు.

"మా అయ్యని తెచ్చాను మారాజా. నడిపి బాబు ఎక్కిన పడవ నడిపింది మా అయ్యే. నానూ ఆ పడవలోనే ఉన్నాను."

"ఒంట్లో బాగాలేదా? అలా పడుకోబెట్టావేం?"

నూకాలు చాప తీసింది.

కొలువంతా కొయ్యబారిపోయింది. బండిలో ఉన్నది మనిషే. మీసాలున్నాయి, మెడలో తాయెత్తుంది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. కానీ తలవెంట్రుక దగ్గర్నుంచి కాలిగోరు దాకా తెల్లటి ఉప్పు! మంత్రి నమ్మలేక వేలితో రాసి నాలిక మీద పెట్టుకున్నాడు.  "ఉప్పే" అన్నాడు. చామరం వీచే దాసీ చేతిలోంచి చామరం జారి రాజుగారి నెత్తిన పడింది. దాన్ని తియ్యాలని కూడా ఎవరికీ తోచలేదు.

"నా బిడ్డలు?" అంది రాణి.

"ఆల్లూ అంతేనమ్మా. దీవి ఒడ్డున పక్కపక్కన నిలబడి ఉన్నారు. నాను మొయ్యగలిగింది ఒక్కర్నే. మా అయ్యని తెచ్చీసుకున్నాను. తప్పయితే కొట్టండి" అని నూకాలు గొల్లున ఏడ్చింది.

ఏడుపు ఆగాక మిగతాది చెప్పింది. ఏడో సముద్రం మధ్య ఒక దీవి. ఆ దీవిలో ఒక మాంత్రికుడు. వాడు ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉంటాడు. ఎందుకంటే వాడు కళ్ళు తెరిచాడా, మొదట ఏది కంటబడితే అది ఉప్పయిపోతుంది. వాడి భుజం మీద ఒక చిలక. వాడి ప్రాణం ఆ చిలకలో ఉందని, వాడు చస్తే తప్ప ఉప్పయినవాళ్ళు మళ్ళీ మనుషులు కారని వాడే గొప్పగా అంటుంటే విందట. వాడికి దారి చూపేదీ అదే. ఎవరైనా వస్తే చిలక వాడి మొహం అటు తిప్పించి "చూడు!" అంటుంది. ఆ మాట చెవిన పడితే చాలు, వాడి రెప్పలు లేస్తాయి. ఒక్క చూపు. అంతే! ఆ తర్వాత వాడి కళ్ళు కారం కొట్టినట్టు మండుతాయి. రెప్పలు మూసుకుని తడుముకుంటూ రాతితొట్టి దగ్గరికి పోయి, అందులో ఉన్న సముద్రపు నీళ్ళతో కడుక్కుంటాడు.

"మరి నువ్వెలా బతికావు?" అని అడిగాడు మణిమంతుడు.

"నాను తెరచాప కింద కూకుని నీళ్ళు తోడతన్నాను బాబూ. ఆడి చూపు నా మీద పడనేదు."

"మా అన్నలు నీడలో ఉన్నారా, ఆరుబయట ఉన్నారా?"

"ఇసకలో బాబూ. మీద ఆకు కూడా నేదు."

ఈ జవాబుకి రాజు మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ఉప్పు పండించే వాళ్ళకి వేరే చెప్పాలా? తొలకరికి ముందే కుప్పల మీద తాటాకు కప్పకపోతే ఏమవుతుందో లవణపురిలో పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. మొదటి వానకి కుప్ప సగమవుతుంది. రెండో వానకి నేలమీద తడి తప్ప ఏమీ మిగలదు. రాజు వేళ్ళు మడిచి చూసుకున్నాడు. తొలకరికి నలభై రోజులుంది. దీవికి ప్రయాణమే ముప్పై తొమ్మిది రోజులు.

"నేను వెళ్తాను" అన్నాడు మణిమంతుడు.

"ఇద్దర్ని పోగొట్టుకున్నది చాలదా? నిన్ను కూడా ఉప్పు చేసుకోమంటావా?" అని రాజు కేకలేశాడు.

"మీరు వద్దంటూ ఉంటే ఉన్న ఒక్క రోజూ ఇక్కడే అయిపోతుంది నాన్నగారూ."

రాజు పడవ సిద్ధం చెయ్యమని మనిషిని పంపాడు. "దారి నాకు తెలుసు. పడవ నాను నడుపుతాను. మా అయ్య మళ్ళీ నన్ను ఓ తిట్టు తిడితే చాలు" అంది నూకాలు కళ్ళు తుడుచుకుంటూ. వాళ్ళ అయ్యని జాగ్రత్తగా కప్పున్న ఉప్పు కొఠారులో నిలబెట్టారు. రాణి వచ్చి కొడుకు చెంప మీద ఇంతలేసి దిష్టిచుక్క పెట్టింది. చుక్క కాదది, చందమామంత ఉంది. పాపం, తల్లి కదూ.

పడవ కదిలింది. ఒక సముద్రం దాటారు. రెండు సముద్రాలు దాటారు. పాలసముద్రం, పెరుగుసముద్రం అని మీరు వినే ఉంటారు. నూకాలు అన్నీ నోట్లో పోసుకుని చూసింది. ఏడూ ఉప్పువేనట.

మూడో సముద్రంలో ఉండగా, ఖాళీ అయిన మంచినీళ్ళ కుండని కడుగుదామని నూకాలు తాడు కట్టి నీళ్ళలోకి వదిలింది. లాగితే రాదు. ఇద్దరూ కలిసి లాగారు. కుండ వచ్చింది. కుండలోంచి ఒక చెయ్యి వచ్చింది. దాని వెనక ఇంకో చెయ్యి. ఇంకోటి. ఇంకోటి. మణిమంతుడు లెక్కపెడుతూ లెక్కపెడుతూ ఎనిమిది దగ్గర నోరు తెరిచేశాడు. ఎనిమిది చేతులకీ వరసగా చిన్న చిన్న గిన్నెలు బోర్లించినట్టు బుడిపెలు. వాటి మధ్య సంచిలాంటి తల. ఆ తలలోంచి రెండు కళ్ళు వాణ్ణే చూస్తున్నాయి.

"బాగుంది. కూరకి పనికొస్తాది" అంది నూకాలు, కత్తిపీట ముందుకు లాక్కుని.

"కత్తిపీట అవతల పెట్టమ్మా" అంది ఆ జీవి.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని పడవ చివరిదాకా వెనక్కి పోయారు. నూకాలు చేతిలో కత్తిపీట ఉందని కూడా మర్చిపోయింది.

"ఎందుకంత భయం? భయపడాల్సింది నేను. మామూలుగా అయితే ఈపాటికి మీ మొహాన సిరా కొట్టి చెక్కేసేదాన్ని. కుండలో ఇరుక్కుపోయాను. ఇంత ఇరుకుచోట వదిలితే నా సిరా నా మొప్పలకే అంటుకుని ఊపిరాడక నేనే చస్తాను" అంది ఆ జీవి విసుగ్గా.

మణిమంతుడికి భయం పోయింది. ప్రశ్నలొచ్చాయి. "సిరా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎంతుంటుంది? దాన్నెలా కొడతావు?"

ఆ జీవి వాణ్ణి వింతగా చూసింది. "ఎన్నో పడవలు చూశాను నాయనా. నన్ను చూసి కత్తి తీసినవాళ్ళే గానీ ప్రశ్న అడిగినవాడివి నువ్వొక్కడివే. విను. నా లోపల ఒక సంచి ఉంది. సంచిలో సిరా. పక్కన గొట్టం ఉంది. నీళ్ళతో కలిపి గొట్టంలోంచి చిమ్ముతాను. జిగురు తక్కువ కలిపితే పొగలా కమ్ముకుంటుంది. జిగురు ఎక్కువ కలిపితే ముద్దలా నిలబడుతుంది. కళ్ళలో పడితే మంట. ముక్కుకెక్కితే వాసన తెలియదు. సంచి నిండుగా ఉంటే మూడుసార్లు కొట్టగలను. ఖాళీ అయితే మళ్ళీ నిండటానికి నెల పడుతుంది. నన్ను వదిలిపెట్టావంటే ఆ మూడుసార్లూ నీకోసం కొడతాను. నా మూడు గుండెల మీద ఒట్టు."

"మూడు గుండెలా!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

"నెత్తురు కూడా నీలంగా ఉంటుంది. చూపించమనకు" అంది అది.

నూకాలు కత్తిపీట మడిచేసి కుండని నీళ్ళలో వంచింది. దానికి చేతులవ్వ అని పేరు కూడా నూకాలే పెట్టింది. పారిపోతుందేమోనని చూశారు. పారిపోలేదు. నాలుగో సముద్రమంతా పడవ వెంటే వచ్చింది.

అయిదో సముద్రంలో నీళ్ళమీద ఒక నల్లటి రెక్క లేచింది. తర్వాత పది. తర్వాత వంద. సొరచేపలు! నూకాలు పడవ తప్పించుకుపోయాక మాంత్రికుడు కొత్తగా కాపలా పెట్టినవి. మనిషి వాసన పట్టి పడవ చుట్టూ తిరుగుతున్నాయి. ఒకటి తోకతో కొడితే పడవ గింగిరాలు తిరిగింది. మణిమంతుడికి పైప్రాణాలు పైనే పోయాయి.

"అవ్వా!" అని అరిచాడు.

చేతులవ్వ పడవ కిందకి జారింది. బుస్సుమని ఒక చప్పుడు. అంతే, నీలంగా ఉన్న సముద్రం కాటుక గిన్నె అయిపోయింది. పొగలా నలుపు లేచి అటూ ఇటూ పాకింది. సొరచేపలు మనలా కళ్ళని నమ్ముకునేవి కావు, వాసన పట్టుకుని వచ్చేవి. సిరా ముక్కుకెక్కేసరికి వాటికి మనిషేదో నీళ్ళేవో తెలియలేదు. ఒకదాని తోక ఇంకోటి కరిచింది. ఇంకోదాన్ని వేరొకటి గుద్దింది. అంతలేసి కోరలున్న జంతువులు దారి తప్పిన మేకల్లా బిత్తరపోయి తలో దిక్కుకీ పోయాయి. నూకాలు తెడ్డు వెయ్యడం కూడా మర్చిపోయి చూస్తూ నిలబడింది.

"ఒకటయింది" అంది చేతులవ్వ.

ఆరో సముద్రంలో ఇంకా ఘోరం. పడవ పొడవున్న పాముచేప ఒకటి రాళ్ళ సందులోంచి దూసుకొచ్చింది. అది పడవ వైపు చూడనైనా లేదు. నోరు తెరుచుకుని తిన్నగా చేతులవ్వ మీదికే పోయింది. వాళ్ళు అరిచేలోపు అవ్వ దాని పళ్ళ దగ్గరుంది.

మణిమంతుడు కళ్ళు నులుముకున్నాడు. ఇందాక ఉన్నది ఒక్క అవ్వ. ఇప్పుడు ఇద్దరున్నారు! ఒక అవ్వ నల్లగా, చేతులు చాచుకుని, అక్కడే ఉంది. ఇంకో అవ్వ ఒళ్ళంతా నీళ్ళ రంగుకి పాలిపోయి, గురిపెట్టి వదిలిన బాణంలా వెనక్కి పోతోంది. పాముచేప నల్లదాన్ని కసుక్కున కరిచింది. దాని నోట్లో ఏమీ లేదు. నలుపు రెండుగా చీలి, నాలుగుగా చీలి, నీళ్ళలో కలిసిపోయింది. మళ్ళీ కరిచింది. మళ్ళీ ఏమీ లేదు. తిండి నోట్లోనే మాయమైపోతే మీకెలా ఉంటుంది? నోరు తెరిచినది తెరిచినట్టే పెట్టుకుని ఆ పాముచేప రాళ్ళ సందులోకి వెనక్కి పోయింది.

"దిష్టిబొమ్మ!" అని గంతేశాడు మణిమంతుడు.

చేతులవ్వ పడవ అంచు పట్టుకుని ఆయాసపడుతోంది. "రెండయింది. అదేమిటి నాయనా, దిష్టిబొమ్మంటే?"

"కొత్త ఇల్లు కడుతుంటే ముందు ఒక బొమ్మ కడతారు అవ్వా. నల్లగా, పెద్ద పెద్ద కళ్ళతో. వచ్చేపోయే వాళ్ళ మొదటి చూపు దానిమీద పడిపోతే ఇంటికి దిష్టి తగలదని." అంటూనే వాడు ఆగిపోయాడు. నూకాలు వైపు తిరిగాడు. "మాంత్రికుడి చూపు కూడా మొదట కంటబడినదానికే కదూ తగిలేది?"

నూకాలు నోటి మీద చెయ్యి వేసుకుంది. "అయితే ఆడికీ బొమ్మే పెడదాం బాబూ!"

ముగ్గురూ కూర్చుని ఆలోచన చేశారు. చూపు బొమ్మ మీద పడుతుంది, సరే. కళ్ళు మండుతాయి. కడుక్కుంటే మళ్ళీ మామూలే. అప్పుడు చేతులవ్వే అంది: "నా దగ్గర ఇంకొక్కసారికే ఉంది. సగం బొమ్మకి, సగం ఆ తొట్టికి. వాడి రెప్పలు అంటుకుపోయాక మీరు చిలకని పట్టండి."

"తొట్టి ఇరుకుచోటు కదా అవ్వా? నువ్వే చెప్పావు, ఇరుకుచోట వదిలితే..."

"నీకు ప్రశ్నలెక్కువ. నన్ను కుండలోంచి వదిలింది మీరే. మళ్ళీ తొట్టిలోంచి తీసేదీ మీరే అనుకుంటాను" అంది అవ్వ. మణిమంతుడు అవ్వ చెయ్యి పట్టుకున్నాడు. "నేను నిన్ను వెంటనే తీసేస్తాను. ప్రమాణంగా తీసేస్తాను" అన్నాడు.

ముప్పై తొమ్మిదో రోజు మధ్యాహ్నం దీవి చేరారు. ఆకాశంలో నైరుతి మూల మబ్బులు ఒక రోజు ముందే గుంపు కడుతున్నాయి. పడవని రాళ్ళ చాటున దాచి మణిమంతుడు ఒడ్డెక్కాడు. ఎక్కి, ఉన్నచోటే ఆగిపోయాడు. ఇసక నిండా మనుషులే. వల భుజాన వేసుకున్నవాడు, తెడ్డు పట్టుకున్నవాడు, పరిగెత్తబోతూ ఒక కాలెత్తినవాడు. అందరూ తెల్లగా, అందరూ నోళ్ళు తెరుచుకుని. గాలి చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. వాళ్ళ మధ్య ఒక అడవిమేక తిరుగుతూ తీరిగ్గా ఏదో నాకుతోంది. దగ్గరికెళ్ళి చూస్తే అది నాకుతున్నది రణవీరుడి చెవి. సగం చెవి అప్పటికే లేదు!

మణిమంతుడు మేకని తరిమేశాడు. పెద్దన్న మొహం చూశాడు. నడిపన్న మొహం చూశాడు. చిన్నప్పుడు తనని భుజాన మోసిన ఆ ఇద్దరూ తనని చూడకుండా ఎటో చూస్తున్నారు. ఏడుపు తన్నుకొచ్చింది గానీ, ఏడిస్తే కన్నీళ్ళు వాళ్ళమీద పడతాయని బిగపట్టుకున్నాడు. ఒంటినిండా ఉప్పు పూసుకుని అన్నల పక్కన మూడో బొమ్మలా నిలబడిపోయాడు. నూకాలు కుండ పట్టుకుని తొట్టి దారిలో రాళ్ళ వెనక నక్కింది. చేతులవ్వ ఒడ్డునే మోకాలి లోతు నీళ్ళలో ఇసక రంగుకి తిరిగి కూర్చుంది.

మాంత్రికుడొచ్చాడు. తాడిచెట్టంత మనిషి. కళ్ళు రెండూ కుట్టేసినట్టు మూసుకుని ఉన్నాయి. భుజం మీద పచ్చటి చిలక.

"ఆగు. నీళ్ళలో ఎవరో ఉన్నారు. నల్లగా ఉన్నాడు. కుడివైపు తిరుగు. ఇంకొంచెం. కిందకి. చూడు!" అంది చిలక.

మాంత్రికుడి రెప్పలు లేచాయి. నీళ్ళలో మనిషంత పొడవున పరుచుకున్న సిరాబొమ్మ ఆ చూపుకి తెల్లబడింది. తెల్లబడిన మరుక్షణం నీళ్ళలో చక్కెర చిలకలా కరిగి మాయమైపోయింది.

"పోయాడు! మనిషి మొత్తం పోయాడు!" అని చిలక రెక్కలు టపటపలాడించింది.

"నీళ్ళలో ఉప్పు కరక్క నిలబడుతుందటే పిచ్చిదానా? కళ్ళు మండిపోతున్నాయి, తొట్టి దగ్గరికి నడిపించు" అన్నాడు మాంత్రికుడు రెప్పలు నొక్కుకుంటూ.

చిలక దారి చూసే పనిలో పడింది. నూకాలు వంగి పరిగెత్తి చేతులవ్వని కుండలోకి తీసుకుంది. రాళ్ళ వెనకనుంచి తొట్టి దగ్గరికి ముందే చేరి అవ్వని అందులో జారవిడిచింది. అవ్వ తొట్టిలో రాయిరంగుకి తిరిగింది. మిగిలిన సిరానంతా, జిగురుతో సహా, చిట్టచివరి చుక్కదాకా వదిలేసింది.

మాంత్రికుడు దోసిలి ముంచి మొహాన కొట్టుకున్నాడు. ఒకసారి. చల్లగా ఉందనుకున్నాడు. రెండోసారి. ఏదో జిగటగా ఉందనుకున్నాడు. మూడోసారికి దీవి అదిరేలా అరిచాడు. మంట! సిరా రెప్పలకి పట్టుకుని వదలడం లేదు. తల విదిలించిన విసురుకి భుజం మీది చిలక ఎగిరి అవతల పడింది.

"చిలకా! ఎక్కడున్నావే? భుజం మీద లేవేం? నాకు దిక్కెవరే!" అని వాడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చిలక గాభరాగా లేచి వాడి మొహం ముందుకి ఎగిరొచ్చింది. "నేనిక్కడే ఉన్నాను! ఇదిగో, చూడు!"

మీరైనా అలాగే అంటారు కదర్రా? ఇదిగో చూడు, ఇక్కడున్నాను అని రోజుకి ఎన్నిసార్లంటారు? చిలకా అలాగే అంది. కానీ మాంత్రికుడి చెవికి ఆ మాట వినబడితే రెప్పలు లేవాల్సిందే. ఎన్నేళ్ళ అలవాటో అది. కన్నీళ్ళకి సిరా కాస్త జారింది. రెప్పలు గీతంత తెరుచుకున్నాయి. అంత చాలు. పచ్చటి చిలక తెల్లగా మారి ఠప్పున ఇసకలో పడింది.

వాడి వెనకే నక్కుతూ వచ్చిన మణిమంతుడు నిర్ఘాంతపోయాడు. నూకాలు చేతిలో కుండ జారి పగిలింది. నాకైతే, చెప్పొద్దూ, ఆ చిలక మీద జాలే. ఏడుస్తున్నవాడి ముందుకొచ్చి నేనున్నానని చెప్పడం తప్పా?

మాంత్రికుడు కుప్పకూలాడు. కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. కానీ చావలేదు! చేతులతో ఇసక తడుముతూ పళ్ళికిలించాడు. "ఎవడ్రా అక్కడ? నా చిలక చచ్చిందనుకున్నావా? ఉప్పయినవాళ్ళు చావరు, కరిగితేనే చావు. దాన్ని గుహలో దాచుకుంటాను. వాన రానీ, మీవాళ్ళ సంగతి చూసుకోండి!"

వాడి నోటి నుంచి ఆ మాట వచ్చిందో లేదో, మణిమంతుడి చెంప మీద టప్పున ఒక చినుకు పడింది. రెండో చినుకు రణధీరుడి నుదుటి మీద పడింది. పడిన చోట చిన్న గుంట.

"నూకాలూ, తెరచాప!" అని అరిచి మణిమంతుడు తొట్టిలోకి చేతులు పెట్టాడు. చేతులవ్వ చేతికొచ్చింది. ఎనిమిది చేతులూ తడిగుడ్డలా వేలాడుతున్నాయి. ఒకదానిలోనూ కదలిక లేదు. ఇంకో చేత్తో ఇసకలోంచి ఉప్పుచిలకని లాక్కున్నాడు. మాంత్రికుడు కాలు పట్టుకోబోయాడు. తన్నించుకుని పడ్డాడు. వెనక నూకాలు ఒక్కర్తే తెరచాప ఈడ్చుకుంటూ వస్తోంది. ఎంతమందికని కప్పుతుంది? వాన జోరందుకుంది. మణిమంతుడు అన్నల వైపు తిరిగి చూడలేదు. చూస్తే కాళ్ళు ఆగిపోతాయని తెలుసు. చంకలో అవ్వ, చేతిలో చిలక, నడుంలోతు నీళ్ళలోకి పరిగెత్తి రెండిట్నీ ఒక్కసారే ముంచాడు.

ఒకే సముద్రం. ఒక చేతిలో చిలక కరగడం మొదలైంది. ముక్కు కరిగింది, రెక్కలు కరిగాయి, తోక కరిగింది. ఇంకో చేతిలో అవ్వ మొప్పల్లోంచి సిరా నల్లటి దారంలా బయటికి పోతోంది. ఒడ్డున మాంత్రికుడు ఒకసారి ఎగశ్వాస తీశాడు. రెండోసారి తీశాడు. అరచేతిలో చిలక గులకరాయంత అయింది, మెతుకంత అయింది. మూడో శ్వాస మాంత్రికుడికి రాలేదు.

అవ్వలో కదలిక లేదు. "అవ్వా, అవ్వా, ప్రమాణం చేశాను కదే" అని మణిమంతుడు ఏడుస్తూ అటూ ఇటూ ఊపాడు. అప్పుడు ఒక చేతి కొస వాడి మణికట్టుకి చుట్టుకుంది.

"ఊపకు నాయనా, తల తిరుగుతోంది" అంది చేతులవ్వ నీరసంగా. "రెండు గుండెలు కొట్టుకుంటున్నాయి. మూడోది నిదానంగా మొదలెడుతుందిలే."

ఒడ్డు మీద ఎవరో దగ్గారు. మణిమంతుడు వెనక్కి తిరిగాడు. వానలో ఇసక నిండా మనుషులు నిలబడి ఉన్నారు. తెల్లగా కాదు, మామూలుగా! కాలెత్తినవాడు ఆ కాలు దించాడు. రణధీరుడు "నా కత్తేది?" అంటున్నాడు. రణవీరుడు చెవి తడుముకుని, సగమే ఉండేసరికి గావుకేక పెట్టాడు. తర్వాత ఇద్దరూ తలెత్తి వానని చూశారు. ఉప్పుగా ఉన్నన్నాళ్ళూ వాళ్ళకి అన్నీ వినబడ్డాయట. ఎండ, గాలి, మేక, మబ్బు, అన్నీ తెలిశాయట. వాన పడితే ఏమవుతుందో కూడా తెలిసే నిలబడ్డారట! ఆ మాట విని మణిమంతుడు ఇద్దర్నీ వాటేసుకుని గట్టిగా ఏడ్చాడు. ఇప్పుడు కన్నీళ్ళు పడినా ఫరవాలేదు కదా.

అదే ఘడియలో లవణపురి ఉప్పు కొఠారులోంచి నూకాలు వాళ్ళ అయ్య బయటికొచ్చి "మా పిల్ల తిరిగొచ్చిందా?" అని అడిగితే కాపలావాళ్ళిద్దరూ మూర్ఛపోయారు.

తిరుగు ప్రయాణంలో మూడో సముద్రం దాకా చేతులవ్వ వచ్చి, మంచి రాతిసందు చూసుకుని దిగిపోయింది. ఆ సాయంత్రం మణిమంతుడు నూకాలుని ఒక ప్రశ్న అడిగాడు. జన్మలో అన్ని ప్రశ్నలడిగినవాడు, ఈ ఒక్కదానికి జవాబెలా వస్తుందోనని వణికిపోయాడు.

"పెశ్నలు తగ్గిత్తానంటే సేసుకుంటాను" అంది నూకాలు.

జాలర్ల పిల్లని కోడలిగా తెస్తున్నాడని తెలిసి మంత్రి నివ్వెరపోయాడు. రాణి మాత్రం "నా ముగ్గురు కొడుకుల్నీ ఒకే పడవలో తెచ్చింది. ఇంకేం చూడాలి?" అంది. నూకాలు వాళ్ళ అయ్య పెళ్ళికి వచ్చినవాళ్ళందరి ముందూ "నన్నడక్కుండా ఏడు సముద్రాలు పోతావే?" అని కూతుర్ని నోరారా తిట్టి, కడుపారా ఏడ్చాడు. అన్నలిద్దరూ రాజ్యం తమ్ముడికే ఇమ్మన్నారు. మణిమంతుడూ నూకాలూ నలభై ఏళ్ళు చల్లగా ఏలారు.

ఆ పెళ్ళి జోరువానలో జరిగింది. తాటాకు పందిరి కింద ఊరంతా ఒదిగి కూర్చుంది. రణధీరుడూ రణవీరుడూ మాత్రం పందిరి బయట, తలలెత్తి, చేతులు చాచి నిలబడ్డారు. "జలుబు చేస్తుందిరా, లోపలికి రండి" అని రాణి ఎన్నిసార్లు పిలిచినా వాళ్ళు రాలేదు. ఆఖరికి ఆమే పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని వానలోకి వెళ్ళి, వాళ్ళిద్దరి మధ్యా నిలబడింది.